గడ్డ కరిగించే మందు వేరు, గడ్డ కట్టనివ్వని మందు వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా అనుబంధం ఆరోగ్యం పేజీలో గుండెపోటు, పక్షవాతాల గురించి వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి నాకు మనసు కుదుటపడలేదు. ఈ రెండింటిలో ఏది వచ్చినా ఇంట్లో ఉన్న రక్తం పలుచబడే మాత్ర వెంటనే మింగించాలని, అది నాళానికి అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించేస్తుందని అందులో రాశారు. ఉద్యోగ జీవితమంతా మందులు ఇచ్చిన ఫార్మసిస్టుగా చెబుతున్నాను, ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి, రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే.

మొదటిది, ఇంట్లో ఉండే ఏ మాత్రా అప్పటికప్పుడు గడ్డను కరిగించదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తాయి. వార్ఫరిన్, మన దగ్గర ఎక్కువగా రాసే అసెనోకౌమరాల్ విటమిన్ కె పనికి అడ్డుపడి, గడ్డ కట్టడానికి కావలసిన ప్రొటీన్లు కాలేయంలో సరిగా తయారు కాకుండా చేస్తాయి. అందుకే వాటి ప్రభావం పూర్తిగా రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఇవన్నీ కొత్త గడ్డ పుట్టకుండా, ఉన్నది పెరగకుండా కాచేవి. కరిగించేవి స్ట్రెప్టోకైనేజ్, ఆల్టెప్లేజ్, టెనెక్టెప్లేజ్ వంటి ఇంజెక్షన్లు. ఇవి మన రక్తంలోనే ఉండే ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మార్చి, గడ్డను వలలా పట్టి ఉంచే ఫైబ్రిన్ పోగులను తెంచుతాయి. అది గుండె నాళాన్ని మూసిన గడ్డా, కడుపులో పుండు నుంచి రక్తం కారకుండా ఆపుతున్న గడ్డా అన్న విచక్షణ వాటికి ఉండదు. గుండెపోటుకు సరిగ్గా ఇచ్చినా దాదాపు నూటికి ఒకరికి మెదడులో రక్తస్రావం అవుతుంది. అందుకే వాటిని ఆస్పత్రిలో, ప్రశ్నలన్నీ అడిగి, దగ్గరుండి ఇస్తారు.

రెండో తప్పు ఇంకా పెద్దది. గుండెపోటు అనుమానం ఉన్నప్పుడు, ఆస్పిరిన్ పడనివారికీ రక్తస్రావం ఉన్నవారికీ తప్ప మిగిలినవారికి ఆ మాత్ర నమిలించడం మేలే. పక్షవాతం విషయంలో అలా చేయకూడదు. మెదడులో నాళం మూసుకుపోయినా, చిట్లినా మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం ఒకేలా కనిపిస్తాయి. సీటీ స్కాన్ తీస్తే తప్ప ఏదో తేలదు. నాళం చిట్లిన మనిషికి మీ పత్రిక చదివిన కొడుకు ఆస్పిరిన్ మింగిస్తే, ఆగవలసిన రక్తం ఆగకుండా చేసినట్టే. మూసుకుపోయినవారికి కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు వేయాలి. గుండెపోటుకు 12 గంటల వరకు వీలున్నా తొలి రెండు మూడు గంటల్లో వేసిందానికే ఫలితం ఎక్కువ.

ఆ గంటలు మా ప్రాంతంలో దారిలోనే కరిగిపోతున్నాయి. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్లు, కోసిగి, కౌతాళం నుంచి వచ్చేవారికి అంతకంటే ఎక్కువ. గుండెపోటుకు టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్‌ను ఏరియా ఆస్పత్రుల్లో ఉచితంగా వేయించడం ప్రభుత్వం చేసిన మంచి పని, దాన్ని మెచ్చుకోవలసిందే. పక్షవాతం రోగికి మాత్రం సీటీ స్కాన్ లేనిదే ఆ మందు ఫ్రిజ్‌లో ఉన్నా లేనట్టే. మా బంధువు ఒకరిని రాత్రిపూట తీసుకువెళ్లిన ఆస్పత్రిలో యంత్రం ఉంది, దాన్ని నడిపే మనిషి లేడు. రిబ్బను కత్తిరించే రోజున అధికారులందరూ వస్తారు, రాత్రి డ్యూటీకి టెక్నీషియన్‌ను వేయమంటే ఎవరి సంతకం కావాలో ఎవరికీ తెలియదు. అర్ధరాత్రి స్ట్రెచర్ పక్కన నిలబడినవాడు ఎవరిని అడగాలి?

మీ వ్యాసం ఒక్క ముక్క కూడా రాయని విషయం ఇంకొకటి ఉంది. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్ల గుండె కవాటం పాడై లోహపు వాల్వు వేయించుకున్నవారు మా పల్లెల్లో ఉన్నారు. గడ్డ కట్టనివ్వని మందుల్లో కొత్తగా వచ్చిన డాబిగాట్రాన్, అపిక్సబాన్ వంటివి లోహపు వాల్వుకు పనికిరావు. వారికి జీవితాంతం వార్ఫరిన్, అసెనోకౌమరాల్ వంటి పాత మందే గతి, దానికి రక్తం గడ్డ కట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష తప్పనిసరి. చాలామందికి అది 2, 3 మధ్య, మైట్రల్ స్థానంలో, అంటే గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య, వాల్వు ఉన్నవారికి 2.5, 3.5 మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది కాబట్టి వాటిని మానమని కాదు, తినేదేదో ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి. ఈ మనుషులే సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు, నెలల తరబడి పరీక్ష ఉండదు, నడుము నొప్పికి అక్కడ ఎవరో రక్తస్రావాన్ని పెంచే డైక్లోఫెనాక్ ఇస్తారు, లోపల రక్తం కారి మలం నల్లగా పడుతుంటే తిండి పడలేదనుకుంటారు. అలాంటి మనిషికి పక్షవాతం వస్తే ఐఎన్ఆర్ 1.7 దాటి ఉన్నప్పుడు కరిగించే ఇంజెక్షన్ వేయకూడదు. ఏ మాత్ర వాడుతున్నాడో చెప్పలేకపోతే డాక్టరు ఏ ధైర్యంతో వేస్తాడు?

చెప్పలేకపోవడానికి మా వృత్తి కూడా కారణం. అసెనోకౌమరాల్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల్లో వస్తుంది. దుకాణంలో అడిగినన్ని మాత్రలకు స్ట్రిప్పును కత్తెరతో కోసి ఇస్తారు, మందు పేరు, మిల్లీగ్రాముల అంకె ఉన్న ముక్క డబ్బాలో మిగిలిపోతుంది, రోగి చేతికి వెండి రంగు రేకు వస్తుంది. మరుసటి నెల అదే రేకు చూపించి మాత్రలు అడుగుతారు, రంగు చూసి ఇచ్చేస్తారు. మందులు ఫార్మసిస్టే ఇవ్వాలనే ఫార్మసీ చట్టం 1948లోనే వచ్చింది. అయినా ఎన్నో దుకాణాల్లో ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది, మనిషి కనబడడు. తనిఖీకి వచ్చినవారు ఆ గోడనే చూసి వెళతారు.

ఏరియా ఆస్పత్రుల్లో ఐఎన్ఆర్ పరీక్ష వారానికి ఒక రోజైనా ఉచితంగా చేయాలని, సీటీ రాత్రిపూట ఏ ఆస్పత్రిలో పనిచేస్తుందో 108 సిబ్బందికి ప్రతి సాయంత్రం తెలియజేయాలని జిల్లా వైద్యాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మీరు మాత్రం, పక్షవాతం వస్తే స్కాన్ తీసేదాకా ఏ మాత్రా మింగించకూడదన్న సవరణను ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో ఈ వారమే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
ఆదోని, కర్నూలు జిల్లా.