చార్‌మినార్‌కు పావుగంట, ముత్యాల షాపుకు గంటంబావు

టూర్ మేనేజర్ గారికి,

విషయం: మొన్న ఆదివారం పాతబస్తీ టూర్ గురించి ఫిర్యాదు, డబ్బు వాపసు

అయ్యా,

మా అత్తయ్యగారు కాకినాడ నుంచి వచ్చారు. హైదరాబాద్ ఎన్నిసార్లు వచ్చినా ఆస్పత్రులు, పెళ్లిళ్లు తప్ప ఆవిడ చూసింది లేదు. అందుకే మీ దగ్గర నలుగురికి టికెట్లు తీసుకున్నాను. చార్‌మినార్ పైకి ఎక్కిస్తామని, చార్ కమాన్ (నాలుగు పాత తోరణాలు), వాటి మధ్యనున్న గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, మక్కా మసీదు, లాడ్ బజార్ నడిపించి చూపిస్తామని మీ పాంప్లెట్‌లో ఉంది. ప్రవేశ టికెట్లు కూడా మీవేనని రాశారు.

జరిగింది వేరు. చార్‌మినార్ కింద పావుగంట నిలబెట్టి, "పైకెక్కే టైం లేదు" అన్నాడు గైడు. అత్తయ్య అన్ని మెట్లు ఎక్కలేరు, సరే. నేనూ మా అమ్మాయీ ఎక్కగలం కదా? పైగా దాని మీది నాలుగు గడియారాలు చార్‌మినార్ కట్టించిన కులీ కుతుబ్ షా పెట్టించినవేనట! చార్‌మినార్ కట్టింది 1591లో, గడియారాలు వచ్చింది 1889లో. మూడొందల ఏళ్లు ఒక్క మాటతో మింగేశాడు. మా అమ్మాయి అది స్కూల్ ప్రాజెక్టులో రాసేసుకుంది కూడా.

చార్ కమాన్ దగ్గర అత్తయ్య "వీటిలో మచ్లీ కమాన్ ఏది బాబూ?" అని అడిగితే "అన్నీ ఒకటే ఆంటీ" అన్నాడు. గుల్జార్ హౌజ్‌ను దూరం నుంచి వేలు పెట్టి చూపించాడు. మక్కా మసీదు బయటి నుంచే.

తర్వాత మీకు తెలిసిన ముత్యాల షాపులో గంటంబావు కూర్చోబెట్టారు. ఏసీ, టీ బాగున్నాయి, అబద్ధం చెప్పను. సేల్స్‌మన్ దండలు ఒక్కొక్కటే ట్రేలో పరుస్తుంటే మొహమాటానికి అత్తయ్య ఒక జత దుద్దులు కొన్నారు.

టూర్ అయ్యాక మేమే లాడ్ బజార్‌కు నడిచాం. చిన్న కొట్టు అరుగు మీద ఒకాయన వేడికి మెత్తబడిన లక్క గాజుకు పటకారుతో ఒక్కొక్క రాయీ అద్దుతున్నాడు. అత్తయ్య అక్కడి నుంచి కదిలితే ఒట్టు. ఇది చూడటానికి మాకు పైసా ఖర్చు కాలేదు. మీరు డబ్బు తీసుకుని చూపించనిది ఇదే.

ఎక్కని చార్‌మినార్‌కు నాలుగు ప్రవేశ టికెట్ల డబ్బు, టూర్ ఛార్జీలో సగం 15 రోజుల్లో వెనక్కి ఇవ్వండి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. షాపు దగ్గర ఆపుతామన్న సంగతి ఇకమీదట పాంప్లెట్‌లో ముందే రాయండి.

రసీదు, పాంప్లెట్ జిరాక్స్ జతచేశాను.

ఇట్లు,
దిల్‌సుఖ్‌నగర్ నుంచి మీ కస్టమర్