మంత్రి గారూ, మా వాడికి చెంచా రాదు, నిజమే

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

సికింద్రాబాద్ వారాసిగూడ నుంచి ఒక తల్లి నమస్కరించి రాస్తున్న లేఖ.

ప్రజావాణిలో మూడు సోమవారాలు అర్జీ ఇచ్చాను. మూడుసార్లూ 'సంబంధిత శాఖకు పంపాం' అన్నారు. ఆ శాఖ ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే నలుగురిలో రాయవలసి వచ్చింది, మన్నించండి.

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. వైకల్యం ఉందని సదరం ధ్రువపత్రం ఉంది, బడిలో పేరుంది. వ్యక్తిగత విద్యా ప్రణాళిక అంటూ నాలుగు కాగితాలిచ్చి సంతకం చేయమన్నారు. అంతా ఇంగ్లీషు. పక్కింటి డిగ్రీ అమ్మాయి చదివి చెబితే తెలిసింది: చెంచాతో తినడం రాదు, పండ్లను గుర్తించలేడు, పెద్దల కళ్లలోకి చూడడు.

అయ్యా, మా ఇంట్లో చెంచాతో తినేదెవరు? పప్పన్నం తనే కలుపుకొని, ఆవకాయ ముక్క కంచం అంచున పెట్టుకొని, మెతుకు కింద పడకుండా తింటాడు వాడు. అది నేర్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. దాన్ని రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. పండ్లంటారా, చూపించిన బొమ్మలు స్ట్రాబెర్రీ, కివీ. సీతాఫలం చేతికిస్తే గింజలు ఊసి మరీ పేరు చెప్పేవాడు. కళ్లలోకి చూడని మాట నిజం. కానీ పెద్దవాళ్లు మందలిస్తే తల దించుకోమని నేర్పింది మేమే. అందులో వైకల్యమెంతో, మా పెంపకమెంతో మమ్మల్ని అడిగితే కదా తెలిసేది!

బోయినపల్లిలో మేధోవైకల్యం గలవారి జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. మన పిల్లలకు తగిన మదింపు పత్రాలు తయారుచేసినవాళ్లు ఊళ్లోనే ఉండగా ఈ స్ట్రాబెర్రీ ఎక్కడి నుంచి దిగింది?

ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలని బడివాళ్లన్నారు, రెండు భాషలైతే అయోమయపడతాడట. రాత్రిళ్లు మా అత్తగారు కథ చెబుతుంటే 'ఊ' కొట్టేవాడు. ఆమెకు వచ్చింది తెలుగొక్కటే. ఇప్పుడు మనవడి పక్కన నోరు మెదపకుండా పడుకుంటోంది. వాడి 'ఊ' కూడా పోయింది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం మీకు నేను చెప్పాలా? ఆ కాగితాలు తెలుగులో ఇప్పించండి, మా పక్క వీధి వాళ్లకు ఉర్దూలో. నింపేముందు తల్లిని అడగమనండి. సమావేశం పనిరోజు పదకొండింటికి కాకుండా ఆదివారం పెట్టించండి, నాలుగిళ్లలో వంట మానుకొని రాలేను. మళ్లీ చెబుతున్నాను, అడగమనండి.

సంతకానికి శుక్రవారం వరకే గడువట. నేనింకా పెట్టలేదు.

ఇట్లు,
ఒక తల్లి, వారాసిగూడ