సుస్థిరతా నిపుణులను మన జిల్లాల్లోనే తయారుచేయాలి

సంపాదకులకు,

అయ్యా,

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి రొయ్యలు, గ్రానైటు విదేశాలకు వెళ్లేటప్పుడు ఇప్పుడు సరుకుతోపాటు దాని వెనకున్న లెక్కలు కూడా వెళ్లాల్సి వస్తోంది. నీరు ఎంత వాడారు, కరెంటు ఎంత కాలింది, వ్యర్థ జలాన్ని ఎక్కడ వదిలారు, మేత ఎక్కడి నుంచి తెచ్చారు అంటూ కొనుగోలుదారులు పేజీలకు పేజీలు ప్రశ్నావళులు పంపుతున్నారు. మన దేశంలోనూ మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వడాన్ని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. ఆ కంపెనీలు అడిగే వివరాలు వాటికి సరుకు అందించే చిన్న యూనిట్ల దాకా వస్తాయి. ఈ లెక్కలు సక్రమంగా వేసి, వాటిని బట్టి పరిశ్రమ నడిచే తీరును మార్చగలిగే శిక్షణ ఉన్న సుస్థిరతా నిపుణులు మాత్రం మన దగ్గర చాలా అరుదు.

రొయ్యల ఎగుమతి పరిశ్రమలో నాణ్యతా విభాగంలో పనిచేస్తున్న నేను ఒక యూనిట్‌లో స్వయంగా చూసిన సంగతి చెబుతాను. అక్కడ ఐస్ ప్లాంటుకు, ఫ్రీజింగ్ విభాగానికి, క్యాంటీనుకు కలిపి ఒకే కరెంటు మీటరు ఉంది. టన్ను రొయ్యకు ఎన్ని యూనిట్ల కరెంటు ఖర్చవుతోందన్న ప్రశ్నకు జీతాల పట్టీలు చూసుకునే కుర్రవాడు నిరుటి కాగితంలోని అంకెనే దింపేశాడు. అతన్ని తప్పుపట్టలేం. ఆ పని అతనికి అప్పగించడమే తప్పు.

కార్బన్ లెక్కనే తీసుకుంటే, కరెంటు యూనిట్లను సుమారు 0.7తో గుణిస్తే ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడిందో తెలుస్తుంది. లీటరు డీజిల్‌కు సుమారు 2.7 కిలోలు. ఇంతవరకు ఎవరైనా చేయగలరు. కానీ కోల్డ్ రూములో ఆర్-404ఏ వంటి శీతలీకరణ వాయువు ఒక్క కిలో కారిపోతే అది దాదాపు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమనీ, వాయువు మళ్లీ నింపించిన బిల్లులను బట్టి ఎంత కారిందో పట్టుకోవచ్చనీ తెలియాలంటే శిక్షణ కావాలి. చెరువు గట్టు మీద ఈ అవసరం ఇంకా ఎక్కువ. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. రొయ్యలు తినగా మిగిలిన మేత అడుగున కుళ్లి నీటిలో ప్రాణవాయువును తినేస్తుంది, దాన్ని నిలబెట్టడానికి నీటిలో గాలి కలిపే ఏరేటర్లను రాత్రంతా తిప్పాలి, కరెంటు పోతే జనరేటరు వేయాలి, చివరికి రొయ్యలు పట్టే రోజున ఆ బురదనీరంతా కాలువలో కలుస్తుంది. మేత, కరెంటు, డీజిల్, కాలువ నీరు వేర్వేరు పద్దులు కావని, ఒకచోట ఆదా చేస్తే నాలుగు చోట్లా మిగులుతుందని రైతుకు అంకెలతో చూపించగలిగే మనిషి కావాలి. చీమకుర్తి గ్రానైటు పాలిషింగ్ యూనిట్లలో రాతిపొడి కలిసిన బురదనీటిని (స్లర్రీని) తేర్చి నీటిని మళ్లీ వాడుకోవడానికీ ఇటువంటి చూపే అవసరం.

కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుచేస్తున్నాం కదా అని కొన్ని యాజమాన్యాలు అంటాయి. బడికి బల్లలు కొనివ్వడం మంచి పనే. అయితే అది లాభం వచ్చాక చేసే ఖర్చు. ఆ లాభం ఏ నీటితో, ఏ ఇంధనంతో, ఎవరి కష్టంతో వస్తోందన్నది అంతకన్నా ముందు చూడాల్సిన విషయం. దాన్ని చూడకపోతే ఏమవుతుందో మన తీరానికి అనుభవమే. పర్యావరణాన్ని పట్టించుకోకుండా పెరిగిన రొయ్యల సాగుపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చేదాకా రైతులు అనిశ్చితిలోనే గడిపారు.

చట్టం, పరీక్ష, ఉద్యోగం మూడూ కలిస్తే కొత్త వృత్తి నిలబడుతుందనడానికి ఇంధన రంగమే ఉదాహరణ. 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం తర్వాత ఇంధన సామర్థ్య బ్యూరో జాతీయస్థాయి పరీక్ష పెట్టి ఎనర్జీ ఆడిటర్లను, మేనేజర్లను తయారుచేస్తోంది. అదే పద్ధతిలో విక్రమ సింహపురి, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాలు, ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాల కలిసి సుస్థిరతా నిపుణుల కోసం ఒక ఏడాది డిప్లొమా ప్రారంభించాలని కోరుతున్నాను. అందులో సగం కాలం చెరువుల దగ్గర, ప్రాసెసింగ్ ప్లాంట్లలో, గ్రానైటు యూనిట్లలో గడవాలి. నీరు, ఇంధనం, ఉద్గారాల లెక్కలతోపాటు కార్మిక చట్టాలు, రైతుతో తెలుగులో మాట్లాడి ఒప్పించే నేర్పు కూడా పాఠంలో భాగం కావాలి. ఒక నిపుణుడిని విడిగా పెట్టుకునే స్తోమత లేని చిన్న యూనిట్లు నాలుగైదు కలిసి ఒకరిని నియమించుకోవచ్చు. శిక్షణ కాలంలో భృతిని ఎగుమతిదారుల సంఘాలు భరించాలి. నియమించాక ఆ ఉద్యోగిని ప్రచార విభాగంలో కూర్చోబెట్టకుండా, తాను గుర్తించిన లోపాలను నేరుగా యజమానికే నివేదించే అధికారం ఇవ్వాలని యాజమాన్యాలకు మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
రొయ్యల ఎగుమతి పరిశ్రమ ఉద్యోగి,
కావలి, నెల్లూరు జిల్లా