తాత టీవీ పక్కన నిలబడ్డ సంగతి

ఒరేయ్ రమణా,

రాస్తా రాస్తా అంటూనే రెండు నెలలు గడిపేశాను, కోప్పడకు. ఇంట్లో అందరూ బాగున్నారు, అమ్మకి మోకాలు నొప్పి తగ్గింది, నీకని అప్పడాలు కట్టి పెట్టింది. అంతే వార్తలు. అసలు సంగతి వేరే ఉంది, అది నీకు చెప్పేదాకా నిద్ర పట్టేలా లేదు.

ఈ సెమిస్టర్‌లో మాకు డిజిటల్ మీడియా, టెక్నాలజీ, సమాజంలో మార్పు అని ఒక పేపర్ ఉందని చెప్పాను కదా, అందులో మొన్న సైట్ గురించి చెప్పారు. వెబ్‌సైట్ కాదురా, శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్ అని, దాని పొట్టి పేరు సైట్! 1975 ఆగస్టు 1 నుంచి సరిగ్గా ఏడాది, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ చూపించారు, పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దాళ్ళకి. ఒడిశాలో ఎక్కడెక్కడ అని చూస్తే ఫుల్బాణీ కూడా ఉంది! మా తాత అప్పుడు ఆ కొండల్లోనే మాస్టారు కదరా.

ఇంటికెళ్ళి అడగ్గానే "ఆ జాలీ గొడుగు సంగతా?" అన్నాడు. కోళ్ళకి కట్టే ఇనుప జాలీతో చేసిన పది అడుగుల డిష్ అట, రాలిన ఆకులు రోజూ తనే దులిపేవాడట. అయితే ప్రోగ్రాం ఒడియాలో, చూసేవాళ్ళేమో కుయీ మాట్లాడే కొండవాళ్ళు, సగం మందికి ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని తాత టీవీ పక్కన నిలబడి, తనకొచ్చిన కాస్త కుయీలో, రానిచోట చేతులతో చూపిస్తూ, విత్తనాల గురించీ బాలింతల గురించీ చెప్పేవాడు. తెలుగోడురా ఆయన, ఒడియా కూడా ఉద్యోగం కోసం నేర్చుకున్నదే!

మా నోట్స్‌లో బొమ్మ ఉంది, స్టూడియో, ఉపగ్రహం, డిష్, టీవీ, మధ్యలో బాణాలు. కటక్‌లో తీసింది అహ్మదాబాద్ నుంచి పైకెళ్ళి, 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగొచ్చి, ఆఖరి నాలుగడుగులు మా తాత నోటి మీద నడిచిందిరా, ఆ బాణాల్లో ఆయన ఎక్కడా లేడు! ఫోన్‌లో ఆయన గొంతు రికార్డ్ చేసి క్లాసులో వినిపించాను. 1976 జూలై 31తో అంతా ఆగిపోయాక కూడా జనం కొన్నాళ్ళు సాయంత్రమయ్యేసరికి వచ్చి ఆ టీవీ ముందు కూర్చునేవాళ్ళట, అది చెప్తుంటే తాత గొంతు పూడుకుపోయింది. క్లాసులో ఎవ్వరూ కదల్లేదు. నాకైతే ఏడుపొచ్చేసింది.

ఇంకోటి, ఇక్కడ బరంపురంలో మా వీధి ముసలాళ్ళకి పెన్షన్ మెసేజ్ ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తే తెలుగులో చదివి చెప్పేది ఎవరనుకున్నావ్? నేనే. ప్రాజెక్ట్ దీని మీదే చేస్తా, ఇలా పక్కన నిలబడి చెప్పేవాళ్ళ మీద. నీ పర్లాకిమిడి పెదనాన్న కూడా పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని మనియార్డర్ ఫారాలు రాసిపెట్టేవాడన్నావ్ కదా, ఆయన్ని ఒకసారి...

కింద బండివాడు హారన్ కొడుతున్నాడు, పోవాలి. ఆయన నంబర్ పంపు, మర్చిపోకు.

నీ
చిన్నా