ఎస్ఈలినక్స్‌ను ఆపేయమని రాయకండి

సంపాదకులకు నమస్కారం,

సొంతంగా సర్వర్ పెట్టుకునేవాళ్ల కోసం మీ టెక్నాలజీ పేజీలో వేసిన వ్యాసం చదివాను. ఇన్‌స్టలేషన్ సంగతులు కొత్తవాళ్లకు కూడా అర్థమయ్యేలా చక్కగా రాశారు. కానీ చివర్లో ఒక మాట ఉంది. వెబ్ సర్వర్ స్టార్ట్ కాకపోయినా, పేజీ తెరుచుకోకపోయినా ‘సెట్‌ఎన్‌ఫోర్స్ 0’ అని కొట్టండి, తర్వాత కాన్ఫిగ్ ఫైల్లో ఎస్ఈలినక్స్‌ను ‘డిసేబుల్డ్’ అని మార్చి రీబూట్ చేసేయండి, ఇక ఏ గొడవా ఉండదు అని. ఎస్ఈలినక్స్ అంటే ఏ ప్రోగ్రామ్ ఏం చేయొచ్చో లినక్స్‌లో కట్టడి చేసే భద్రతా ఏర్పాటు, ఆ కమాండ్ కొడితే రీబూట్ అయ్యేదాకా అది దేన్నీ ఆపదు. దాన్ని ఆపేయమన్న ఆ ఒక్క మాట గురించే ఈ ఉత్తరం. అది చదివి ఎంతమంది కుర్రాళ్లు తమ మొదటి సర్వర్‌లోనే ఆ పని చేసి ఉంటారో అని తలచుకుంటే బాధేసింది, ఎందుకంటే ఒకసారి ఆపేసినదాన్ని మళ్లీ ఆన్ చేసినవాళ్లను నేను చాలా అరుదుగా చూశాను.

లినక్స్‌లో మామూలు అనుమతులు ఫైలు సొంతదారు ఇష్టం మీద నడుస్తాయి, అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌కి అవి అసలు అడ్డే కావు. డీమన్ అంటే తెర వెనక ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రోగ్రామ్. నెట్‌వర్క్ మీద వినే డీమన్ అయితే ముక్కూమొహం తెలియనివాళ్లు పంపే డేటాను రాత్రీపగలూ చదువుతూనే ఉంటుంది. అందులో ఒక్క బగ్ దొరికిందా, దాడి చేసినవాడు ఆ డీమన్‌కి ఉన్న అధికారాలన్నీ చేజిక్కించుకుంటాడు. మాండేటరీ యాక్సెస్ కంట్రోల్ (సొంతదారు ఇష్టంతో పని లేకుండా సిస్టమే పెట్టే కట్టడి, ఎస్ఈలినక్స్ చేసేది ఇదే) పనికొచ్చేది సరిగ్గా అక్కడే. ఈ డీమన్ ఏ రకం ఫైళ్లు చదవాలి, ఎక్కడ రాయాలి, ఏ పోర్ట్ మీద వినాలి, బయటికి ఎవరికి కనెక్ట్ కావాలి అన్నది ముందే పాలసీలో రాసి ఉంటుంది, దాన్ని లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ అమలు చేస్తుంది. ఆ డీమన్ రూట్‌గా నడుస్తున్నా సరే, పాలసీలో లేని పని చేయనివ్వదు.

ఎస్ఈలినక్స్ ఏదో మిలిటరీ సర్వర్ల వ్యవహారం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అమెరికా నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీ దీన్ని 2000 డిసెంబర్‌లో బయటపెట్టిన మాట నిజమే, కానీ 2003లో వచ్చిన 2.6 కెర్నెల్ నుంచి అది లినక్స్‌లో భాగం. 2014 నాటి ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఫోన్లలో పూర్తిగా ఎన్‌ఫోర్సింగ్‌లోనే (పాలసీలో లేనిదాన్ని నిజంగా ఆపే స్థితిలో) నడుస్తోంది. అంటే మీ వ్యాసం ఫోన్‌లో చదివినవాళ్లలో చాలామంది ఆ క్షణంలో దాన్ని వాడుతూనే ఉన్నారు, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఉపయోగం ఏమిటో చూడాలంటే 2017 మే నెలలో బయటపడ్డ సాంబా లోపం తీసుకోండి. సాంబా అంటే ఫోల్డర్లను నెట్‌వర్క్‌లో పంచే ప్రోగ్రామ్, అలా పంచిన ఫోల్డర్‌ని షేర్ అంటారు. షేర్‌లో రాసే అనుమతి ఉన్నవాడు ఒక లైబ్రరీ ఫైలును అక్కడ పెట్టి, దాన్ని సర్వర్ చేతే లోడ్ చేయించి, తన కోడ్ నడిపించుకోగలిగాడు. ఎస్ఈలినక్స్ డిఫాల్ట్ పాలసీతో ఎన్‌ఫోర్సింగ్‌లో ఉన్న రెడ్ హ్యాట్ లినక్స్ సర్వర్లలో ఆ దాడి పారలేదు, ఎందుకంటే తన మాడ్యూళ్లు ఉండే చోటు తప్ప ఇంకెక్కడి నుంచో లైబ్రరీ లోడ్ చేసుకోవడానికి సాంబాకి పాలసీ ఒప్పుకోదు. ప్యాచ్ వేసుకునేదాకా అదే కాపాడింది. అలాగని ఇది సర్వరోగ నివారిణి అని నేను చెప్పడం లేదు. 2014లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపం ముందు ఇది ఏమీ చేయలేకపోయింది. అక్కడ లీకైంది సర్వర్ ప్రాసెస్ సొంత మెమరీ, దాన్ని చదవడానికి పాలసీ గీత దాటాల్సిన పనే లేదు.

ఇక అసలు గొడవ ఎక్కడొస్తుందో చెప్తాను. మీ వ్యాసంలో వెబ్‌సైట్ ఫైళ్లను హోమ్ ఫోల్డర్‌లో తయారుచేసుకుని, ‘ఎంవీ’ కమాండ్‌తో వెబ్ ఫోల్డర్‌లోకి జరపమన్నారు. ఎర్రర్ పుట్టేది సరిగ్గా అక్కడే! ఎస్ఈలినక్స్‌లో ప్రతి ఫైలుకీ ఒక లేబుల్ ఉంటుంది. ‘సీపీ’తో కాపీ చేస్తే కొత్త ఫైలుకి మామూలుగా ఆ ఫోల్డర్‌కి తగ్గ లేబుల్ వస్తుంది, ‘ఎంవీ’ చేస్తే పాత లేబులే దాంతో పాటు వచ్చేస్తుంది. కాబట్టి ఆ ఫైలు వెబ్ ఫోల్డర్‌లో ఉన్నా దాని ఒంటి మీద ‘ఇది ఒక యూజర్ హోమ్ ఫైలు’ అనే రాసి ఉంటుంది. వెబ్ సర్వర్‌కి అలాంటివి చదివే హక్కు లేదు, అందుకే 403, అంటే ప్రవేశం లేదన్న ఎర్రర్. అనుమతులు చూస్తే అన్నీ సరిగ్గా ఉంటాయి, మనిషికి పిచ్చెక్కిపోతుంది, చివరికి అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే ‘సీహెచ్‌మాడ్ 777’ కొట్టేస్తారు, అయినా తెరుచుకోదు. కావలసిందల్లా ‘రీస్టోర్‌కాన్’ అనే కమాండ్‌ని ‘ఆర్’ ఆప్షన్‌తో ఆ ఫోల్డర్ మీద ఒకసారి నడిపి సరైన లేబుళ్లు పెట్టించడం, అంతే. ఫైళ్లు మామూలు చోట కాకుండా ఇంకెక్కడైనా ఉంటే ముందు ‘సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్’తో ఆ దారికి ఏ లేబుల్ ఉండాలో నమోదు చేసి, ఆ తర్వాత రీస్టోర్‌కాన్ నడపాలి. నేరుగా లేబుల్ మార్చే ‘సీహెచ్‌కాన్’తో చేస్తే అప్పటికి పని జరుగుతుంది కానీ తర్వాత ఎప్పుడో రీలేబుల్ చేసినప్పుడు ఎగిరిపోతుంది.

పోర్ట్ మార్చినా ఇలాంటిదే. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఎస్ఎస్‌హెచ్‌ని 2222 పోర్ట్‌కి మారిస్తే డీమన్ లేవదు. ఆ పోర్ట్ ఎస్ఎస్‌హెచ్‌కి చెందుతుందని ‘సెమేనేజ్ పోర్ట్’తో ఒక్క లైన్ చెప్పాలి. ఆ లైన్ ఎలా రాయాలో రెడ్ హ్యాట్ సిస్టమ్‌లలో ఆ కాన్ఫిగ్ ఫైల్లోనే కామెంట్‌గా ఇచ్చి ఉంటుంది, మనం చదవం!

ఇంకొకటి, ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ని ముందు పెట్టి వెనక వేరే అప్లికేషన్‌కి పంపేవాళ్లకు వచ్చే 502 ఎర్రర్. ఎర్రర్ లాగ్‌లో అప్‌స్ట్రీమ్‌కి (ఆ వెనకున్న అప్లికేషన్‌కి) కనెక్ట్ అవుతుంటే ‘పర్మిషన్ డినైడ్’ అని, పక్కన 13 అనే నంబర్‌తో కనిపిస్తే ముందుగా ఎస్ఈలినక్స్‌నే అనుమానించాలి. వెబ్ సర్వర్ తనంతట తాను బయటికి కనెక్ట్ కావడం డిఫాల్ట్‌గా కుదరదు. అది మంచికే, హ్యాక్ అయిన వెబ్ సర్వర్ మొదట చేసే పని అదే కదా. దీనికి బూలియన్లు అని స్విచ్‌లు ఉన్నాయి. అందరూ చెప్పేది ‘హెచ్‌టీటీపీడీ క్యాన్ నెట్‌వర్క్ కనెక్ట్’, కానీ అది అన్ని పోర్ట్‌లకూ తలుపు తీసేస్తుంది. డేటాబేస్‌కి మాత్రమే కావాలంటే దాని చివర ‘డీబీ’ అని ఉన్న స్విచ్ వేరే ఉంది, వెనక అప్లికేషన్ 8080 మీద ఉంటే ‘నెట్‌వర్క్ రిలే’ అనేది చాలు. ఆ స్విచ్‌లు మార్చే సెట్‌సెబూల్ కమాండ్‌కి క్యాపిటల్ ‘పీ’ ఆప్షన్ పెట్టకపోతే రీబూట్‌తో పోతుంది, అది మరిచిపోయి రాత్రిపూట టెన్షన్ పడేవాళ్లు చాలామంది.

ఇవన్నీ తెలుసుకునే ఓపిక లేనివాళ్లు ‘ఆడిట్2అలౌ’ వాడతారు. లాగ్‌లో ఉన్న నిరాకరణలన్నింటినీ దానికి తినిపిస్తే అన్నింటికీ అనుమతి ఇచ్చే మాడ్యూల్ తయారుచేసి చేతిలో పెడుతుంది. ఇది నన్ను ‘సెట్‌ఎన్‌ఫోర్స్ 0’ కంటే ఎక్కువ భయపెడుతుంది, ఎందుకంటే చేసినవాళ్లు తాము సెక్యూరిటీ పని చేశామనే అనుకుంటారు. పైన చెప్పిన ‘ఎంవీ’ ఉదాహరణే చూడండి. ఒక్క ఫైలుకి లేబుల్ తప్పింది. ఆ టూల్‌కి అది తెలియదు, వెబ్ సర్వర్‌కి యూజర్ హోమ్ రకం ఫైలు చదవాలని ఉందట, ఇచ్చేద్దాం అని రూల్ రాస్తుంది. దాంతో ఆ లేబుల్ ఉన్న ప్రతి ఫైలూ, అందరి హోమ్ ఫోల్డర్లలోవీ, పాలసీ వైపు నుంచి తెరుచుకున్నట్టే. ఆ టూల్ వాడొద్దని కాదు, అది రాసిన రూల్‌ను లైన్ లైన్‌గా చదివి, ఇది నా డీమన్‌కి నిజంగా కావాలా అని అడిగి, అప్పుడు ఎక్కించుకోండి.

మీ వ్యాసకర్తే కాదు, అనుభవం ఉన్నవాళ్లు కూడా పట్టించుకోని సంగతి ఒకటుంది. ‘గెట్‌ఎన్‌ఫోర్స్’ కొడితే ‘ఎన్‌ఫోర్సింగ్’ అని వస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. కానీ మనం సొంతంగా రాసుకున్న డీమనో, ఎక్కడి నుంచో డౌన్‌లోడ్ చేసుకున్న డీమనో అయితే దానికంటూ పాలసీ ఉండదు. సర్వీసులను లేపే సిస్టమ్‌డీ దాన్ని మామూలుగా ‘అన్‌కన్ఫైన్డ్ సర్వీస్’ అనే డొమైన్‌లో (నడిచే ప్రాసెస్‌కి ఉండే లేబుల్) నడుపుతుంది. పేరులోనే ఉంది, దాదాపు ఏ కట్టడీ లేదు. ‘పీఎస్’ కమాండ్‌ని క్యాపిటల్ ‘జెడ్’ ఆప్షన్‌తో ఒకసారి నడిపి, నెట్‌వర్క్ మీద వినే ప్రతి ప్రాసెస్ పక్కన ఏ డొమైన్ రాసి ఉందో చూడండి, చాలామందికి అక్కడే కళ్లు తెరుచుకుంటాయి.

అలాంటి డీమన్‌కి పాలసీ రాసుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. ‘సెపాలసీ జెనరేట్’ అనే టూల్ మొదటి ముసాయిదా ఇస్తుంది. అందులో ఆ డొమైన్ పర్మిసివ్ అని ఒక లైన్ ఉంటుంది, అంటే లాగ్‌లో రాస్తుంది తప్ప ఆపదు. ఆ స్థితిలో డీమన్‌ని నిజంగా వాడండి. స్టార్ట్ చేసి నాలుగు పేజీలు తెరిస్తే సరిపోదు. లాగ్ ఫైళ్లు మారే రోజు, సర్టిఫికెట్ రెన్యూ అయ్యే రోజు, బ్యాకప్ నడిచే రాత్రి, కాన్ఫిగ్ రీలోడ్, ఇవన్నీ ఒక్కసారైనా జరగాలి. ఎప్పుడో ఒకసారి జరిగే పనుల దగ్గరే పాలసీలు దెబ్బతింటాయి. పరీక్షించేటప్పుడు డీమన్‌ని షెల్ (కమాండ్లు కొట్టే చోటు) నుంచి చేత్తో నడపకండి, సిస్టమ్‌డీ ద్వారానే లేపండి, లేకపోతే అది చాలాసార్లు మీ షెల్ డొమైన్‌లోనే నడిచి అంతా బాగుందని నమ్మిస్తుంది. అన్నీ చూసుకున్నాక ఆ పర్మిసివ్ లైన్ తీసేయడం మరిచిపోవద్దు. దాన్ని అలాగే వదిలేస్తే మీరు రాసుకున్న పాలసీ దేన్నీ ఆపదు.

ఉబుంటు వాడేవాళ్లకు ఇదంతా యాప్‌ఆర్మర్ రూపంలో ఉంటుంది. అక్కడ లేబుళ్ల బదులు ఫైలు దారులతో ప్రొఫైల్ (అక్కడి పాలసీ) రాస్తారు, చదవడం తేలిక. రెండే జాగ్రత్తలు చెప్తాను. అప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌కి కొత్తగా రాసిన ప్రొఫైల్ అంటుకోదు, సర్వీస్‌ని రీస్టార్ట్ చేయాల్సిందే. రెండోది, వేరే ప్రోగ్రామ్‌ని నడిపే అనుమతి ఇచ్చేటప్పుడు ‘యూఎక్స్’ ఎంచుకుంటే ఆ ప్రోగ్రామ్ ఏ ప్రొఫైలూ లేకుండా నడుస్తుంది. షెల్‌కి గనక అది ఇచ్చారంటే ఇక ఆ ప్రొఫైల్ ఉన్నా లేనట్టే.

డీబగ్ చేయడానికి కాసేపు ఆపాల్సి వస్తే మొత్తం సిస్టమ్‌ని ఎందుకు ఆపాలి? ‘సెమేనేజ్ పర్మిసివ్’తో ఆ ఒక్క డొమైన్‌ని వదిలేయొచ్చు, మిగతావన్నీ కాపలాలోనే ఉంటాయి. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోమని మీ పత్రిక చెప్పకూడదు.

మీరు సవరణ వేస్తారని ఆశిస్తున్నాను. వేస్తే దయచేసి ఇది కూడా కలపండి: మీ వ్యాసం చూసి ఇప్పటికే డిసేబుల్ చేసుకున్నవాళ్లు నేరుగా ఎన్‌ఫోర్సింగ్‌కి మార్చకూడదు. ఆపి ఉన్నన్నాళ్లూ కొత్తగా పుట్టిన ఫైళ్లకు లేబుళ్లు పడలేదు, అలా మారిస్తే సిస్టమ్ బూట్ కూడా కాకపోవచ్చు. ముందు కాన్ఫిగ్‌లో పర్మిసివ్ అని పెట్టాలి, రూట్ డైరెక్టరీ (‘/’)లో ‘.ఆటోరీలేబుల్’ పేరుతో ఖాళీ ఫైలు సృష్టించి రీబూట్ చేయాలి. డిస్క్ పెద్దదైతే రీలేబుల్‌కి చాలాసేపు పడుతుంది, హ్యాంగ్ అయిందనుకుని మధ్యలో పవర్ తీయకండి. తర్వాత కొన్నాళ్లు లాగ్‌ను వెతికే ‘ఎయూసెర్చ్’తో నిరాకరణలు చూసి, ఒక్కొక్కటీ సరిచేసుకుని, లాగ్ నిశ్శబ్దమయ్యాక ఎన్‌ఫోర్సింగ్‌కి మార్చుకోవాలి.

ఇట్లు,
సర్వర్లు చూసుకునే ఒక పాఠకుడు