తామర గోలీలకు డాక్టర్ చీటీ అడిగేవారు ఎవరూ లేరా?

సంపాదకుడు గారికి,

నాలుగైదు రోజుల కింద మీ జిల్లా పేజీలో వానాకాలం చర్మవ్యాధుల మీద వార్త వేశారు. రోజూ స్నానం చేయాలి, తడి బట్టలతో ఉండొద్దు, శుభ్రత పాటించాలి అని రాశారు. నాట్ల రోజుల్లో పొద్దున ఏడింటికి మడిలో దిగిన ఆడమనిషి పొద్దుగూకేదాకా నడుం వరకు తడిసే ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ కింద బతికేవాళ్లకు ఆ సంగతి ఒకరు చెప్పాలా? తామర వచ్చాక ఏ మందు ఎట్లా వాడాలో రాస్తే పదిమందికి పనికొచ్చేది. ఆ ఒక్కటే వార్తలో లేదు.

మా మరదలికి లంగా బొందు కట్టే చోట తామర లేచింది. పక్కింటి వాళ్లు వాడిన ట్యూబే తెచ్చి రాసుకుంది. రెండు రోజుల్లో దురద పోయింది. మానేసిన వారానికి రెట్టింపై వీపు మీదికి పాకింది. ఆ ట్యూబులో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ ఉంది. అది ఎరుపునూ దురదనూ అణిచిపెడుతుంది, ఫంగస్ మాత్రం లోపల హాయిగా పెరుగుతుంది. చర్మం పలచబడి చారలు పడతాయి, ఆ చారలు ఇక పోవు. ఇట్లాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మా దగ్గర సబ్బు అడిగినట్టు అడిగితే ఇస్తున్నారు.

ట్యూబుతో తగ్గకపోయేసరికి మందుల షాపులో గోలీలు ఇచ్చారు. రోజుకొకటి, ఇంట్లో ఒకరికుంటే అందరికీ అంటుతుంది కాబట్టి మీ ఆయనకూ వేయమన్నారట. మా తమ్ముడికి షుగర్. ఎనిమిదేళ్లుగా గ్లిమిపిరైడ్ వేసుకుంటున్నాడు. వేరే గోలీలు ఏమైనా వాడుతున్నారా అన్న ఒక్క మాట ఎవరూ అడగలేదు. నాలుగో రోజు పొలం గట్టు మీద ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి కూలబడ్డాడు. పక్క మడిలో వాళ్లు చక్కెర నీళ్లు తాగించి ఆటోలో ఆసుపత్రికి తెచ్చారు.

డాక్టరమ్మ వాడిన మందులన్నీ చూపించమంది. నేను జేబులోంచి తీసి ఇచ్చిన గోలీల ముక్కను చూస్తే నాకే సిగ్గనిపించింది. కత్తెరతో అడ్డంగా కత్తిరించి ఇచ్చారు. దాని మీద మిగిలింది ‘కొనజోల్’ అన్న చివరి అక్షరాలే. గడువు తేదీ ఉన్న అంచు షాపులోనే ఉండిపోయింది. ఫ్లుకొనజోలా, ఇట్రాకొనజోలా, కీటోకొనజోలా? షాపుకు ఫోన్ చేస్తే గాని తేలలేదు. ఫ్లుకొనజోల్ అట. అది గ్లిమిపిరైడ్‌ను ఒంట్లో తొందరగా అరగనివ్వదు, అందుకే షుగర్ అంతగా పడిపోయింది. రక్తం పలచన చేసే వార్ఫరిన్ వాడేవాళ్లకైతే ఇదే గోలీతో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. ఇట్రాకొనజోల్ అయి ఉంటే లెక్క వేరు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు దాని జోలికే పోకూడదు. ఆ క్యాప్సూల్ అన్నం తిన్నాక వేసుకోవాలి, గ్యాస్ గోలీలు వాడుతుంటే సరిగా ఒంటబట్టదు. కీటోకొనజోల్ గోలీలు కాలేయాన్ని దెబ్బతీస్తాయని 2013లో యూరప్‌లో ఫంగస్‌కు వాడటమే ఆపేశారు. పేరులో సగం పోతే ఇన్ని తేడాలు తెలియకుండా పోతాయి. ఆ కత్తెర పట్టిన చేతికి ఇది తెలియదా?

జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్‌ను కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. 2020లో జపాన్ పరిశోధకులు ఒక తామర ఫంగస్‌కు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన దేశం పేరే అందులో ఉంది. తామరకు వాడే టెర్బినాఫైన్ అనే ఫంగస్ గోలీలకు అది చాలాసార్లు లొంగదు. దురద తగ్గగానే మందు మానేయడం, మచ్చ పోయాక కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులు రాయకపోవడం మన ఊళ్లలో మామూలైంది. రోగిని తిట్టి ఏం లాభం? పూర్తి కోర్సు వాడాలని ఎవరు చెప్పారు వాళ్లకు?

ఫార్మసిస్టు దగ్గరుండి మందు ఇవ్వాలి, ఎట్లా వాడాలో చెప్పాలి అని 2015 ఫార్మసీ నిబంధనలు చెబుతున్నాయి. షాపుల్లో సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంటుంది, ఆ మనిషి మాత్రం కనబడడు. తనిఖీ చేయాల్సిన అధికారులు ఏడాదికి ఎన్నిసార్లు మండలాలకు వస్తున్నారు, ఎన్ని షాపుల్లో చీటీల రిజిస్టర్ తెరిచి చూస్తున్నారు? చర్మ డాక్టర్‌ను కలవాలంటే ఊరు దాటి టౌనుకు పోవాలి. ఒక రోజు కూలీ పోతుంది, బస్సు ఖర్చు, మళ్లీ లైన్. అందుకే జనం షాపు మెట్లెక్కుతారు. చీటీ లేకుండా అమ్మొద్దన్న హెచ్చరిక కూడా ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో! మిర్యాలగూడ చుట్టుపక్కల నాట్లేసే ఆడవాళ్లలో దాన్ని చదివేవారు ఎందరున్నారు?

అధికారులను అడిగేది ఇదే: వారానికి ఒక్క రోజైనా చర్మ డాక్టర్‌ను మండల ఆసుపత్రికి పంపండి. గోలీలు కత్తిరించి ఇచ్చినా పేరూ గడువు తేదీ తెలుగులో కాగితం మీద రాసి ఇవ్వాలని ఆర్డర్ వేయండి. సంపాదకుడు గారూ, మీరు కూడా వచ్చే వారం మళ్లీ చర్మవ్యాధుల మీద రాస్తే, షుగర్, బీపీ, గుండె మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలన్న ముక్క తప్పకుండా వేయండి.

తమ్ముడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. ‘కొనజోల్’ అని ఉన్న ఆ ముక్కను నేను పారేయలేదు. తనిఖీకి ఏ అధికారి వచ్చినా చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
మిర్యాలగూడ మండలం, నల్గొండ జిల్లా