బొంత కుట్టడం కూడా నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

మా వీధికి వారానికోసారి పాత బట్టలు తీసుకొని స్టీలు సామాను ఇచ్చే ఆమె వస్తుంది. మొన్న పక్కింటివాళ్లు ఆరు నూలు చీరలు ఇచ్చి ఒక గంజు తీసుకున్నారు. అందులో మన సిద్దిపేట గొల్లభామ చీర ఒకటి ఉంది. నడుమ ఒకచోట చిరిగింది కానీ, తలమీద కుండతో నిలబడ్డ గొల్లభామలు ఒక్కటీ చెడలేదు. ప్రాణం ఒప్పక, ఆమెకు ఎనభై రూపాయలిచ్చి ఆ చీర తెచ్చుకున్నాను. ఇప్పుడది మా మనవరాలి బొంతకు పైపొర.

ఇరవై ఎనిమిదేళ్లు బళ్లో కుట్లు, అల్లికలు నేర్పాను. గొలుసు కుట్టు, కాడ కుట్టు, ముడి కుట్టు అన్నీ చెప్పాను గానీ, మా అమ్మ దగ్గర నేర్చుకున్న బొంత కుట్టు మాత్రం పిల్లలకు చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

బొంతకు ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరే కావాలి. కొత్త గుడ్డలో సూది దిగదు, పాలిస్టర్ అయితే పొరలు జారిపోతాయి. బాగా చిరిగినవి లోపల వేసి, గట్టివి పైనా కిందా పరుస్తాం. ముడత లేకుండా లాగి, అంచుల మీద బరువులు పెట్టి, ముందు పొడుగు కచ్చా కుట్లు వేస్తాం. తర్వాత నలుగురు నాలుగు పక్కలా కూర్చొని అంచు నుంచి నడిమికి కుట్టుకుంటూ వస్తారు. వరసకూ వరసకూ మధ్య బొటనవేలంత సందు. దారం మరీ బిగిస్తే గుడ్డ గుంజుకుపోతుంది, వదులైతే పిల్లల కాలివేళ్లకు తగులుకుంటుంది. ఆ పట్టు చేతికి రావడానికే నాకు రెండు చలికాలాలు పట్టింది. ఈ బొంతకు ఐదు చీరలు పట్టాయి. ఒక్కదాన్నే కాబట్టి రోజుకు మూడు గంటల చొప్పున పద్దెనిమిది రోజులు కుట్టాను.

ఈమధ్య ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లి, బొంత కుట్టడం ఉచితంగా నేర్పుతానన్నాను. మిషన్ కుట్టు, మగ్గం వర్క్ ఉన్నాయి, బొంత తమ జాబితాలో లేదన్నారు. "దాన్నెవరు కొంటారమ్మా?" అని కూడా అన్నారు.

కొనేవాళ్లు ఉన్నారు. బెంగాల్ ఆడవాళ్లు పాత చీరల మీద ఇదే కుట్టుతో పూలు, చేపలు కుట్టి కాంథా అన్నారు. కంథ అంటే మన భాషలోనూ బొంతే. వాళ్ల నక్షీ కాంథాకు, అంటే బొమ్మలు కుట్టిన కాంథాకు, 2008లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ ఆడవాళ్లు రంగురంగుల గుడ్డముక్కలతో కవంది అనే బొంత కుడతారు. నాలుగు మూలలా గుడ్డ మడిచి పూలు కుట్టనిదే అది పూర్తయినట్టు కాదు వాళ్లకు. ఆ కవందులు ఇప్పుడు ప్రదర్శనల్లో గోడలకెక్కాయి. మన బొంత మాత్రం స్టీలు గిన్నెకు పోతోంది.

మహిళా సంఘాలకు ఇచ్చే కుట్టు శిక్షణలో అధికారులు బొంతను చేర్చాలి. పది రోజులు చాలు. చంటిపిల్లల బొంతతో మొదలుపెడితే చిన్నది కాబట్టి నేర్చుకునేవాళ్లకు విసుగు రాదు, తొందరగా అమ్ముడుపోతుంది కూడా. నేర్పడానికి నేను వస్తాను. సూది, దారం, పాత చీరలు నేనే తెచ్చుకుంటాను.

– ఒక రిటైర్డ్ కుట్టు టీచర్, సిద్దిపేట